మంట తెలియని చేతులు

“చేతులు చూపించండి ఇలియాస్ గారూ,” అన్నాడు శ్రీకృష్ణ.

పోటీల నిర్వాహకుడు అడిగితే కాదనడానికి లేదు. ఇలియాస్ చూపించాడు. పావుగంట క్రితం ఇదే చేతిని రిఫరీ పైకెత్తితే గుంటూరు స్టేడియం హాలు హాలంతా లేచి నిలబడింది. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో మూడుసార్లు జాతీయ చాంపియన్. వరసగా ఆరు ఓటముల తరువాత ఇవాళ గెలిచాడు. గ్లవ్స్ ఇంకా విప్పలేదు. వాటి చివర పది వేళ్లూ బయటికే ఉన్నాయి.

పక్క గదిలోంచి ఓడినవాడి కేకలు వినిపిస్తున్నాయి. వీరబాబుకు ఇరవై రెండేళ్లు. వాడి కళ్లలో సీసా తరువాత సీసా నీళ్లు పోస్తున్నారు.

“కారం సార్,” అన్నాడు వాడి కోచ్ త్రినాథ్. “వాసన చూడండి, మీకే తెలుస్తది. ఏవయ్యా ఇలియాస్, ఒకప్పుడు నీ పేరు వింటేనే పోటీలోంచి తప్పుకునేవాళ్లు గదా. పిల్లోడి కళ్లల్లో కారం కొట్టేదాకా వచ్చావా?”

శ్రీకృష్ణ దూదిని తడిపి ఇలియాస్ వేళ్లు తుడిచాడు. ఆ దూదిని నాలుక చివర ఆనించుకున్నాడు. మరుక్షణం ముఖం చిట్లించి, వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తి పుక్కిలించాడు.

అప్పుడు అర్థమైంది ఇలియాస్‌కు.

నిన్న సాయంత్రం వరకూ అతడు ప్రత్తిపాడు దారిలోని ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో నలభై మంది ఆడకూలీల నడుమ కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీశాడు. అకాడమీలో కోచింగ్ పని పోయిందని ఇంట్లో చెప్పకుండా అక్కడికి వెళ్లడం అది నాలుగో నెల. పని బట్టలు అక్కడే విడిచి, బోరు కింద స్నానం చేసి ఇంటికి వెళ్లేవాడు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఘాటుకనుకున్నారు అందరూ. ఎవరైనా గుర్తుపడతారేమోనన్న భయం మొదటి వారమే. ఆ తరువాత, తువ్వాలు జారినా ఎవరూ గుర్తుపట్టరేమోనన్న భయం మొదలైంది.

“పది రోజులు ఓర్చుకో అబ్బాయ్. ఆనక నీకు మంటే తెలవదు,” అంది మేస్త్రి సుబ్బరావమ్మ, వేళ్లు బొబ్బలెక్కిన మొదటి రోజున. ఆమె అన్నట్టే జరిగింది. మంట అలాగే ఉంది, తెలియడం పోయింది. ఈ ఉదయం మూడుసార్లు సబ్బుతో కడిగిన చేతులు శుభ్రంగానే ఉన్నాయనుకున్నాడు. చర్మంలో ఇంకిన ఘాటు చెమటతో పైకి ఊరిందని ఆ చేతులకే తెలియలేదు.

మూడో రౌండులో తన వేళ్లు ముఖానికి రాసుకోగానే వీరబాబు ఉన్నట్టుండి ముఖం తిప్పుకున్నాడు. పట్టు సడలించి రెండు చేతులూ కళ్ల మీదికి తెచ్చుకున్నాడు. అది భయమనుకున్నాడు ఇలియాస్. ఎనిమిదేళ్ల క్రితం ప్రతి ప్రత్యర్థి ముఖంలోనూ చూసిన భయం. వెనక్కి వెళ్లి వాడి మెడ చుట్టూ చేయి బిగిస్తున్నప్పుడు, తన ఒంట్లోంచి ఎటో వెళ్లిపోయిన పాత చాంపియన్ తిరిగి వచ్చాడనుకున్నాడు. ఎవరూ రాలేదు.

శ్రీకృష్ణ తలుపు మూసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నాలుక ఇంకా మండుతున్నట్టుంది, మాట నెమ్మదిగా వచ్చింది.

“నేను మీ ఫైట్లు చూసి ఈ రంగంలోకి వచ్చినవాణ్నండి. అందుకే చెబుతున్నా. పొరపాటున అంటుకున్నదైతే ఇవాళ్టి మ్యాచ్ రద్దు, అంతే. కావాలని పూసుకున్నదైతే జీవితకాల నిషేధం. పాత టైటిళ్లు కూడా రికార్డులోంచి తీసేస్తారు. మన గుంటూరులో చేతికి కారం అంటుకోవడం వింతేం కాదు. ఎక్కడ ముట్టుకున్నారో చెప్పండి. మనిషిని పంపి కనుక్కుంటాను.”

“పంపండి. కూడా నేనూ పోతా,” అన్నాడు త్రినాథ్.

సుబ్బరావమ్మను అడిగితే చాలు. ఆమె ఉన్నదున్నట్టు చెబుతుంది. ఇలియాస్ నోరు తెరిచాడు.

“ఆయనెందుకు ముట్టుకుంటారు సార్?” గోడ పక్క కుర్చీలోంచి అతడి భార్య నగ్మా లేచింది. “పొద్దున ఆరింటికి వెళ్తే సాయంత్రం దాకా అకాడమీలో కోచింగే ఆయనకి. ఇంట్లో పచ్చడి జాడీ అందుకోమన్నా అందుకోరు. మీ మిషనుదో, మందుదో, ఏదో తేడా ఉంది. మళ్లీ చూడండి.”

“మిషనేందమ్మా, సారు నాలుకతో చూశాడుగా,” అన్నాడు త్రినాథ్.

“అయితే మీ కుర్రాడే ఎక్కడో పూసుకొచ్చి ఉంటాడు. ఓడిపోయాక వంద చెబుతారు. చాంపియన్ అండీ ఆయన. మీ వాణ్ని గెలవడానికి ఆయనకు కారం కావాలా?”

ఆమె వచ్చి భర్త పక్కన నిలబడింది, భుజం మీద చేయి వేసింది. పెళ్లైన కొత్తలో, బెల్టు భుజాన వేసుకుని అతడు హాల్లోంచి నడిచి వస్తున్నప్పుడు ఆమె ముఖం ఇలాగే ఉండేది. ఆ ముఖాన్ని చూసి చాలా ఏళ్లయింది.

త్రినాథ్ చిన్నగా నవ్వాడు. “చెప్పు మరి. మీ ఆవిడ ఎక్కడా ముట్టుకోలేదంటోంది. ఎట్టా అంటుకుందంటావు?”

“ఒక్క మాట చాలు ఇలియాస్ గారూ,” శ్రీకృష్ణ గొంతులో బతిమాలుతున్న ధోరణి వచ్చింది. “పొరపాటేనని చెప్పి, ఆ చోటు పేరు చెప్పండి. ఇక్కడితో అయిపోతుంది.”

పక్క గదిలో నీళ్లు పోయడం ఆగింది. ఇలియాస్ భార్య వైపు ఒకసారి చూసి, లేచి నిలబడ్డాడు. రిఫరీ ఫలితం చెప్పబోయేటప్పుడు నిలబడినట్టే నిటారుగా నిలబడ్డాడు.

“పొరపాటు కాదండి,” అన్నాడు. “గెలవాలని నేనే పూసుకున్నాను.”