రెప్పలెత్తిన కోడలు

కుప్పంలో బయ్యమ్మ శవం దగ్గర పెద్దకోడలు ప్రసన్నలక్ష్మి ఏడుస్తుంటే, చుట్టాలు శవాన్ని వదిలేసి ఆమెనే చూడటం మొదలుపెట్టారు.

శోకాలు లేవు. గుండెలు బాదుకోవడం లేదు. నల్లకళ్లద్దాల కిందనుంచి నీళ్లు చెంపల మీదికి జారి, గడ్డం దగ్గర కలుసుకుని, చీర మీద పడుతున్నాయి.

"అత్త పోతే ఊరంతా లడ్లు పంచుతాదనుకుంటి," అంది బయ్యమ్మ కూతురు ఆదిలక్ష్మి, పక్కనున్న వాళ్లతో. "ఇదేంది, ఇట్లా కరిగిపోతాండాది."

ఆమె అలా అనుకోవడంలో తప్పు లేదు. పుంగనూరులో ఒకే కప్పు కింద ఆ అత్తాకోడళ్ల యుద్ధం ఏళ్ల తరబడి సాగింది. పులుసులో చింతపండు ఎక్కువైందని ఒకరోజు, తక్కువైందని ఇంకోరోజు. చివరికి బయ్యమ్మ అలిగి కుప్పంలో చిన్నకొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లినా వదల్లేదు. రోజూ పొద్దున ప్రసన్నలక్ష్మి చీరల అంగడి తెరిచే వేళకు సరిగ్గా వీడియో కాల్ చేసేది.

"కండ్లు తెరిసి మాట్లాడు, నిద్రమొగమా," అనేది.

ప్రసన్నలక్ష్మి పైరెప్పలు జారి కళ్ల మీదికి వేలాడుతున్న మాట నిజమే. అంగడికొచ్చిన వాళ్లు కూడా "రాత్రి నిద్ర సాల్లేదామ్మా?" అని అడిగేవాళ్లు. వాళ్లను క్షమించింది. అత్తను మాత్రం క్షమించలేదు. ఒక్కసారి కళ్లు పూర్తిగా తెరిచి ఆ ముసలిదాన్ని ఉరిమి చూడాలి. ఆ కోరికతోనే, ఎవరికీ చెప్పకుండా భర్త మధుసూదన్‌ను వెంటబెట్టుకుని బెంగళూరు పోయి రెప్పల ఆపరేషన్ చేయించుకుంది.

రెప్పలు బాగానే లేచాయి. కానీ ఇంటికొచ్చిన సాయంత్రం నుంచి కంట్లో ఇసుక పోసి రుద్దినట్టు మంట. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టు. మధుసూదన్ ఆమెను మదనపల్లెలో కంటి డాక్టర్ భారతి దగ్గరికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ రంగుమందు చుక్క వేసి, నీలం లైటు పెట్టి చూసింది. నల్లగుడ్డు మీద ఆకుపచ్చగా ఒక గీత మెరిసింది.

"రెప్ప కోసేటప్పుడు గుడ్డుకు తగలకుండా మూత లాంటిది పెట్టాలమ్మా. పెట్టినారో లేదో, ఏదో గీసుకునింది. ఇంకా ఆలస్యం చేసింటే చీము పట్టి చూపుకే మోసం వచ్చేది."

ప్రసన్నలక్ష్మికి కళ్లు పెద్దవి చేసుకోబోయి చూపు పోగొట్టుకుంటే అత్త ఎంత నవ్వుతుందో, ముందు అదే తట్టింది.

డాక్టరమ్మ గాయం మీద మెత్తటి పల్చటి లెన్సు పెట్టింది. అది కట్టు లాంటిదని చెప్పింది. క్రిములు చేరకుండా ఒక చుక్కల మందు, కన్ను ఎండిపోకుండా ఇంకొకటి ఇచ్చింది.

"కొన్నాళ్లు నీళ్లు కారతాయి. భయపడొద్దు. రుద్దొద్దు."

తిరుగుదారిలో, పుంగనూరు రాకముందే, కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. బయ్యమ్మ కాఫీ తాగుతూ తాగుతూ పక్కకు ఒరిగిపోయిందట.

"ఇంక ఎవురిని ఉరిమి సూడాల," అంది ప్రసన్నలక్ష్మి.

మధుసూదన్ కారును కుప్పం దారి పట్టించాడు.

అందుకే ఆ నల్లకళ్లద్దాలు. రుద్దొద్దన్నారని ఆమె నీళ్లు తుడుచుకోలేదు. తుడుచుకోవాలని కూడా తెలియనంత దుఃఖమనుకున్నారు చుట్టాలు. మందు వేసుకోవడానికి పెరట్లోకి పోయి చెంపలు తడిసి తిరిగొస్తే, చాటుకు పోయి కూడా ఏడ్చి వస్తోందనుకున్నారు. ఆదిలక్ష్మి ఆగలేక వచ్చి వాటేసుకుంది.

"నిన్ను శానా మాటలంటి వదినా. మాయమ్మ మీద ఇంత ప్రేమ పెట్టుకోనుండావని తెలీకపాయ."

నిజం చెబితే రెప్పల సంగతి బయటపడుతుంది. ప్రసన్నలక్ష్మి తల వంచుకుంది. తల వంచితే నీళ్లు ఇంకా ఎక్కువగా కారాయి. ఇంత అడ్డదిడ్డంగా మంచిపేరు వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. అత్త బతికుంటే ఈ నాటకాన్ని ఇట్టే పట్టేసేదని అనుకుంది.

దినాలు అయిపోయాయి. ప్రసన్నలక్ష్మి పుంగనూరు వచ్చేసింది. కంట్లో మంట పోయింది. వెలుతురు గుచ్చడం మానేసింది. నీళ్లు మాత్రం ఆగలేదు. పొద్దున అంగడి షట్టరు ఎత్తే వేళకైతే మరీను. మడత విప్పిన పట్టుచీర మీద రెండు చుక్కలు పడి, కొనబోయిన ఆమె ఇంకో అంగడికి పోయింది.

ప్రసన్నలక్ష్మికి ఒళ్లు మండింది. పోట్లాడ్డానికి ఇంట్లో అత్త లేదు కాబట్టి, మదనపల్లె పోయి డాక్టరమ్మ మీద పడింది.

"ఏం మందులిచ్చినారు మేడమ్? కుప్పం పోయిన పొద్దట్నించీ రెండు కండ్లూ ధారే. సావింట్లో అయితే ఏడుపని సర్దుకుంటి. అంగట్లో ఏమని సెప్పుకునేది? మీకు వైద్యం వస్తాదా రాదా?"

డాక్టరమ్మ లెన్సు తీసింది. రంగుమందు వేసి, నీలం లైటు పెట్టి, కుడి కన్ను చూసింది. తర్వాత ఎడమ కన్ను చూసింది. లైటు ఆర్పి, కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది.

"ఆ గాయం శుభ్రంగా మానిపోయిందమ్మా. కాకపోతే గీసుకునింది కుడి కన్ను ఒక్కటే, ఎడమది కుప్పం పోయినప్పట్నించీ ఎందుకు కారుతాండాదో దానికి నా దగ్గర మందు లేదు."