మెరుపు పడని మిషన్

"పెద్దాయనా, నీ చెయ్యి వణుకుతున్నది. కార్డు పడేస్తవ్, జర దూరం నిలబడు" అన్నాడు తాండూరులో ఫొటో స్టూడియో నడిపే రాఘవేంద్ర.

నా బిడ్డ సాహిత్య దగ్గర ఒక క్రికెట్ కార్డుంది. వెలుగు తగిలితే చాలు, రంగులన్నీ దాని మీద పరుగెత్తుతాయి. ఫోన్‌లో కార్డులు మార్చుకునే గుంపువాళ్లేమో మెరుపు చూపించకపోతే అది నకిలీదేనన్నారు. బిడ్డకు అన్నం సహించలేదు. అందుకే ఆ మెరుపును ఫొటోలో పట్టించుకుందామని వికారాబాద్ నుంచి రైలెక్కి ఈ స్టూడియోకి వచ్చాం.

ఆ మహానుభావుడు కార్డును స్కానర్‌లో పెట్టాడు. వచ్చింది చూస్తే మాడిన జొన్నరొట్టె! పెద్ద లైట్లు పెట్టి ఫొటో తీశాడు. తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు.

"కార్డే నకిలీది కావచ్చు" అన్నాడు, తన చేతగానితనాన్ని మా మీదికి తోసి.

"నీ మిషిన్ల మీద మన్నువడ!" అని కార్డు లాక్కుని ఎండలోకి వచ్చాను. కోపానికి నా చెయ్యి ఇంకా వణికింది.

"నాయినా, గట్లనే ఉండు! చెయ్యి ఆపకు!" అని అరిచింది సాహిత్య, ఫోన్‌లో వీడియో తీస్తూ.

నా వణుకుకు కార్డు మీద ఎరుపు, పచ్చ, నీలం అలలు అలలుగా ఉరికాయి. అబ్బబ్బ, ఏమని చెప్పను! వీడియో పంపగానే గుంపులో అందరూ అసలు కార్డేనని ఒప్పుకున్నారు. బిడ్డ ఎగిరి గంతేసింది. ఈ వయసులో నేనూ గంతేశాను. స్టూడియో గడపలో నిలబడి రాఘవేంద్ర ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు రాఘవేంద్ర ఫోన్ చేశాడు. "పెద్దాయనా, ఇంకో గిరాకీ గసువంటి కార్డే తెచ్చిండు. జర వచ్చి పట్టుకుంటవా?"

"వస్త గని, నువ్వు జర దూరం నిలబడాలె" అన్నాను.