ఆసుచి

రాముడు వంటింటి గచ్చు మీద మ్యాపు పరిచి, తెరచాప పడవ ఆగాల్సిన చోటల్లా చింతపిక్క పెడుతున్నాడు. భావనపాడు, బారువ, గోపాలపూర్, ఆపైన చిలికా దీవులు.

"ఇంజిను పడవలోళ్లు ఇంక ఎతకలేమనీసేరు. ఈ తెరసాప పడవ ముసలాయనొక్కడే వస్తానన్నాడు," అన్నాడు భార్యతో.

వాళ్ల కొడుకు బిశ్వజిత్ పని కోసం భావనపాడు తీరానికి పోయి, అక్కడి జాలర్లతో సముద్రం మీద వేటకు వెళ్లి, తుఫానులో గల్లంతై వారాలు గడిచాయి.

"ఏదో దీవిలో సిక్కుకునుంటాడు. వస్తన్నానని నీకు ఫోన్లో సెప్పేడు కదే!"

"సెప్పేడు. ఆ గాలి హోరులో ఒక్క మాటే ఇనపడింది," అంది గురమ్మ. "ఆసుచి అన్నాడు."

రాముడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఒడియాలో అన్నాడా?"

"అవును. వస్తన్నాననే కదేటి దానర్థం?"

అదే అర్థం. కాని ఈ రాయగడలో ఇల్లు విడిచి వెళ్లేవాళ్లు కూడా ఆ మాటే అంటారు. ఒడియా బడిలో చేరినప్పటి నుంచీ బిశ్వజిత్ గుమ్మం దాటేటప్పుడల్లా "ఆసుచి" అనే వెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం వీధి చివరి నుంచే "అమ్మా, ఆకలి!" అని తెలుగులో అరిచేవాడు.

"ఏటయ్యా, ఆగిపోనావు?" గురమ్మ అతని మొహంలోకే చూస్తోంది.

"ఏటీ లేదు." చేతిలోని చింతపిక్కను అన్నిటికన్నా దూరంగా ఉన్న దీవి మీద పెట్టాడు.

"బువ్వ నీకూ పడవాయనకూ కట్టనా?"

రాముడు మ్యాపు మీంచి తలెత్తలేదు.

"పిల్లడిక్కూడా కట్టు. కనబడగానే ఆకలంటాడు."