నాచారం గాలికి శాలువా

నగరంలోకెల్లా స్వచ్ఛమైన గాలి నాచారానిదేనని శాస్త్రవేత్త చిదంబరం గారి కంప్యూటర్ మోడల్ తేల్చేసింది. ఆ మాట పట్టుకుని రసాయన ఫ్యాక్టరీవాళ్లు రెండో పొగగొట్టం లేపారు.

ఆ మోడల్‌కు లెక్కలు పంపే కాలుష్య మీటరుకు నాచారంలో తన డాబా మీద చోటిచ్చిన లూర్దమ్మను సన్మానించడానికి ఆయన శాలువాతో, ఫొటోగ్రాఫర్‌తో దిగాడు. మీటరు పెట్టించాక ఈ గల్లీకి రావడం ఇదే మొదలు.

డాబా ఎక్కి చూస్తే మీటరుకు ప్లాస్టిక్ కవరు బిగించి కట్టి ఉంది.

"ఇదేంటమ్మా?" ఆయన కవరును తడిమి చూశాడు.

"గీ దుమ్ముకు నా మనుమరాలు దగ్గి దగ్గి దవాఖానల పడ్డది సార్. మీ మిషన్ గూడ ఖరాబైతదని, పెట్టిన నాడే కవర్ తొడిగిన."

సిగ్గులేని ముఖానికి నవ్వే సింగారం. చిదంబరం నవ్వాడు.

"మంచి పని చేశారమ్మా. అది తీయకండి," అంటూ శాలువా కప్పాడు.

ఫొటో తీసేదాకా లూర్దమ్మ దగ్గు ఆపుకుంది.