అద్దం వెనక చీటీలు

భాను కాలితో ఒక్క తన్ను తన్నింది. పక్కింటి సీతాలు ఆరబెట్టుకున్న నెత్తళ్ల చేపలు వాకిలంతా చెల్లాచెదురయ్యాయి.

తల్లి కళ పరుగెత్తుకొచ్చి పిల్ల వీపు మీద రెండు వేసింది.

ఏడేళ్ల పిల్ల. కోపం వచ్చిందంటే కొరుకుతుంది, చేతికందింది విసురుతుంది. ఆ పొద్దున్నే బడిలో మిస్ తేల్చి చెప్పేసింది.

"ఇంకొక్క కంప్లైంట్ వచ్చిందంటే, అంతే, పేరు కొట్టేస్తాం."

సీతాలు లంబాలైన్‌లోని విమానాశ్రయం పక్క వరసిళ్లలోకి వచ్చి నెల కాలేదు. అరవై దాటిన మనిషి. అక్క కొడుకు లోకనాథం బోటు మీద వేటకు పోతే, ఆవిడ గుమ్మంలో కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తూ ఉంటుంది.

ఆ సాయంత్రం ఆవిడ కళ గుమ్మంలోకి వచ్చి ఒక చీటీ చాపింది. తెలుగులో రాసి ఉంది.

కళ ఈ దీవుల్లోనే పుట్టి, హిందీ మీడియంలో చదివింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ అక్షరం ముక్క రాదు.

"నాకు తెలుగు సదవడం రాదమ్మా. ఏటైందో నోటితో సెప్పు."

ఆవిడ నవ్వింది. చీటీ వైపు వేలు చూపించి వెళ్లిపోయింది.

"ఏం పొగరో! నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేటి?"

ఇంకేముంటుంది, కంప్లైంటే. ఎవరిచేతనైనా చదివిద్దామంటే, కడుపు చించుకుంటే కాళ్ల మీదే కదా పడేది. కళ ఆ చీటీని గోడకున్న అద్దం వెనక దోపేసింది.

నాలుగు రోజులకి ఇంకోటి ఇచ్చింది. వారానికి మరోటి. అవీ అద్దం వెనక్కే పోయాయి.

ఒక మధ్యాహ్నం కళ కుళాయి నుంచి బిందె తెస్తూ చూసింది. గేటు దగ్గర సీతాలు భానుని ఒళ్లోకి లాక్కుని, రెండు చెవులూ రెండు అరచేతులతో అదిమి పట్టుకుంది. పిల్ల గింజుకుంటోంది. నెత్తి మీంచి విమానం దిగుతోంది.

"ఛోడో! వదులు! నా పిల్ల సెవులు పిండడానికి నువ్వెవత్తివి?"

విమానం వెళ్లిపోయింది. కళ ఇంకా అరుస్తూనే ఉంది. ఆవిడ తల తిప్పి చూడనైనా లేదు. నిమ్మకు నీరెత్తినట్టు అలాగే కూర్చుంది.

కళకి ఒళ్లు మండిపోయింది. పిల్లని లాక్కుని అనరాని మాటలన్నీ అంది. ఇన్నాళ్లూ పిల్ల మూలంగా తను పడ్డ మాటలన్నీ ఆ ముసలావిడ మీద దులిపేసింది. డైరీ ఫార్మ్ పేటలో ఉండే ఆ వరసిళ్ల ఓనరుకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

"ఆళ్లయినా ఉండాల, మేమయినా ఉండాల."

మూడోనాడు లోకనాథం సామాను కట్టాడు. దీవుల ఉత్తరాన డిగ్లీపూర్‌లో వేరే బోటు చూసుకున్నాడట. ఏదో చెప్పబోతూ గుమ్మంలోకి వచ్చాడు గానీ, కళ ముఖాన తలుపేసింది. వెళ్లే ముందు సీతాలు భాను తల నిమిరి, తలుపు కిందనుంచి నాలుగో చీటీ లోపలికి తోసింది.

"పోతా పోతా కూడానా!" అనుకుని కళ దాన్నీ అద్దం వెనకే దోపింది.

ఆదివారం భాను విసిరిన గ్లాసుకి అద్దం భళ్లున పగిలింది. పెంకులతో పాటు చీటీలూ రాలాయి. ఆ చప్పుడికి, అప్పుడే చర్చి నుంచి వస్తున్న ఎదురింటి ఫేబే ఆంటీ లోపలికి వచ్చింది. రోజూ తెలుగు బైబిలు చదివే మనిషి, చేతికందిన చీటీ పైకే చదివేసింది.

"'చేపలు పోతే పోయాయి. పాపని కొట్టకమ్మా.'"

ఇంకోటి తీసింది.

"'విమానం దిగినప్పుడల్లా పాప గేటుకి పరిగెడుతోంది. రోడ్డు వైపు చూస్తోంది. ఎవరూ రారు. అప్పుడే ఏదో ఒకటి విసురుతోంది.'"

మూడోదానిలో ఒకటే వాక్యం.

"'పాప ఎవరి కోసం చూస్తోందమ్మా?'"

ఎవరి కోసమో కళకి తెలుసు.

వానాకాలంలో అత్తని వైద్యానికని విమానంలో చెన్నై తీసుకెళ్లారు. ఆవిడ తిరిగి రాలేదు. అక్కడే దహనం చేసేశారు. నానమ్మ ఏదని భాను అడిగితే, చెప్పే ధైర్యం లేక కళే అంది: "విమానంలో వచ్చేత్తాది, సూత్తుండు."

పిల్ల చూస్తూనే ఉంది. అబద్ధం తనది, దెబ్బలు పిల్లవి.

ఫేబే గొంతు తగ్గించి ఆఖరి చీటీ చదివింది.

"'విమానం కనబడగానే చెవులు మూస్తే పాప ఊరుకుంటోంది. నేను వెళ్లిపోతున్నాను. రేపటి నుంచి నువ్వు మూయమ్మా.'"

కళ సిగ్గుతో కుమిలి కుమిలి ఏడ్చింది.

మధ్యాహ్నం విమానం దిగింది. భాను గేటుకి పరిగెత్తింది. కళ వెనకే వెళ్లి, మట్టిలో చతికిలబడి, పిల్లని ఒళ్లోకి తీసుకుంది. చెవులు మాత్రం మూయలేదు.

"నానమ్మ ఇంక రాదు బంగారం. సచ్చిపోయింది. అమ్మ నీకు అబద్ధం సెప్పింది."

భాను పిడికిళ్లతో తల్లి గుండెల మీద కొట్టింది. కళ కొట్టనిచ్చింది. చేతులు నొప్పెట్టాక పిల్ల ఆ గుండెల మీదే పడి ఏడ్చింది. ఏమీ విసరలేదు.

సాయంత్రం కళ ఓనరుని నంబరు అడిగి లోకనాథానికి ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మీ పిన్నికి ఒక్కపాలి ఫోనియ్యి. తప్పయిపోయిందని నా నోటితో సెప్పుకోవాల."



"ఆ రోజు అదే సెబుదామని వచ్చాను దీదీ, నువ్వు తలుపేసీసావు. పదేళ్లప్పుడు జొరమొచ్చి పిన్నికి సెవులు పోయాయి. తన మాట తనకే ఇనబడదని నోరిప్పడం మానేసింది. లంబాలైన్‌లో ఉన్నన్నాళ్లూ పిన్నికి ఒక్క విమానం మోతా ఇనబడనేదు."