చప్పట్లకు తిరిగే కుందేళ్లు

బొమ్మల ఫ్యాక్టరీలో ఆ గదికి కిటికీల్లేవు. బయటి చప్పుడు లోపలికి రాకూడదు. ఎదురుగా అరల్లో నలభై బొమ్మ కుందేళ్లు. చప్పట్లు కొడితే అటువైపు తల తిప్పాలి. తిప్పనివాటిని పక్కన పెట్టాలి. రాత్రి షిఫ్టులో కొత్తగా చేరిన ఆమె పని అదే.

"నీకు ముందు ముగ్గురు వారం తిరక్కుండా పారిపోయారమ్మా," అన్నాడు సూపర్‌వైజరు, తాళంచెవి చేతిలో పెడుతూ.

"ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతున్నదాన్ని సార్. భయపడ్డానికి తీరికెక్కడిది?"

అర్ధరాత్రి దాటింది. ఆమె ఇంకా చెయ్యెత్తలేదు. కుందేళ్లన్నీ ఒక్కసారిగా తలుపు వైపు తిరిగాయి. తలుపు వేసే ఉంది. కాసేపటికి తలలు కొంచెం జరిగి ఆగాయి. మళ్లీ జరిగాయి. గోడ వారగా ఎవరో నడుస్తుంటే ఒక్కో అడుగునూ వింటున్నట్టు. ఆమెకు మాత్రం ఏమీ వినపడలేదు.

ఇప్పుడు లేస్తే ఈ ఉద్యోగంలోకి మళ్లీ రాలేనని ఆమెకు తెలుసు.

"ఎవరివో గానీ, నా పని నన్ను చేసుకోనీ," అంది.

ఆ మాటకు కుందేళ్లు ఆమె వైపు తిరగాలి. తిరగలేదు. ఆమె కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాయి.

ఆమె వెనక్కి చూడలేదు. కుర్చీని ఇంకాస్త ముందుకు లాక్కుని చప్పట్లు కొట్టింది. ఒక్కటీ కదల్లేదు. అరచేతులు మండేలా మళ్లీ కొట్టింది.

"ఇటు చూడండే! ఇక్కడ కూర్చున్నది నేను!"

చివరి అరలో ఒక కుందేలు మెల్లగా ఆమె వైపు తల తిప్పింది.

"ఒకటి," అంటూ ఆమె మళ్లీ చేతులెత్తింది.