ఐదు వందల కాగితాలు

సుకుమారి కనపడటం లేదన్న మాట పొద్దున ఎనిమిదికల్లా ఉదయగిరి చర్చి వీధంతా పాకింది. తొంభై ఆరు, ఫిబ్రవరి నెల.

తొమ్మిదికి చర్చి పక్కన బడి గదిలో ముప్పై మంది చేరారు. పిలిపించింది సుకుమారి అత్త లిదియమ్మ. ముప్పై ఏళ్లు ఆ ఊళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వచ్చినవాళ్లలో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆమే.

ఆమె కొడుకు ప్రేమానందం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాను నిద్ర లేచేసరికి భార్య ఇంట్లో లేదనీ, బస్టాండులో అడిగితే ఎవరూ చూడలేదన్నారనీ వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. అప్పటికే బావులు చూశారు. దుర్గం దారంతా వెతికారు.

మోటారుసైకిళ్లున్నవాళ్లు వెంటనే ఆత్మకూరు దాకా పోయి చూద్దామన్నారు. లిదియమ్మ ఒప్పుకోలేదు. ఉట్టి చేతులతో పోయి ఎవరిని ఏమని అడుగుతారంది. ఉన్నది ఒక్క పెళ్లి ఫోటో. ప్రతి బస్టాండులో, ప్రతి టీ అంగడి గోడ మీద కాగితం అతికించాలంది. కరెంటు లేక జిరాక్స్ అంగడి మూసి ఉంది. ఆత్మకూరులో తీయించుకొస్తానని డేవిడ్‌రాజు లేచాడు.

"నువ్వు పోయి వచ్చేలోపల మనమే రాసేస్తాం. కూచో," అంది లిదియమ్మ.

బోర్డు మీద నమూనా రాసింది. పేరు. వయసు ఇరవై నాలుగు. చామనఛాయ. ఐదడుగుల ఎత్తు. దాని కింద గుర్తులు. ఎడమ కనుబొమ్మ పైన కుట్ల మచ్చ. కుడి ముంజేతి మీద కాలిన మచ్చ. ముందు పన్ను సగం విరిగి ఉంటుంది.

కొందరు ప్రేమానందం వైపు తిరిగి చూశారు.

"అయ్యన్నీ ఎందుకుమా?" అన్నాడు ప్రేమానందం.

"గుర్తులు లేకుంటే ఎట్లా గుర్తుపడతారురా?"

మనిషికి ఐదు కాగితాలు పంచి, బోర్డు మీద ఒక పక్క అందరి పేర్లూ వేసి ఎవరెన్ని రాశారో లెక్క పెట్టింది. పెద్ద అక్షరాలతో, దూరం నుంచి కనపడేట్టు రాయమంది. గంట గడిచేసరికి ఊపు తగ్గింది. చేయి తిరిగినవాళ్లు తమ ఐదూ ముగించి బయటికి పోయి నిలబడ్డారు. అలవాటు లేనివాళ్లు రెండో కాగితం దగ్గరే ఆగారు. ఇంతలో బయట ఎవరో బండి స్టార్టు చేశారు. ఆ చప్పుడుకు లిదియమ్మ చేతిలో సుద్దముక్క జారిపడింది. గుమ్మం దాకా పరుగెత్తింది.

"యాడికీ పోబాకండి నాయనా. మీకు దండం పెడతా," అంది. ఆ గొంతు వాళ్లెప్పుడూ విన్న టీచరమ్మ గొంతు కాదు. బండి ఆగిపోయింది.

లోపలికి వచ్చి బోర్డు మీద పేర్ల పక్కనున్న లెక్కలన్నీ తుడిచేసింది. పెద్దగా ఒకే అంకె వేసింది. మూడు వందలు. ఇక ఎవరి లెక్క వాళ్లది కాదు, ఇది అందరి లెక్క అని చెప్పింది. అది పూర్తయ్యేదాకా ఒక్కరూ కదలకూడదు. పూర్తయ్యాక అందరూ ఒక్కసారే బయల్దేరాలి. పది కాగితాలకు ఒక గీత.

ఆ మాట పనిచేసింది. చేయి తిరిగినవాళ్లు పక్కవాళ్ల కాగితాలు లాక్కుని రాశారు. చదువురాని ఆదిశేషమ్మ స్కేలు పెట్టి గీతలు కొట్టి ఇచ్చింది. టీచరమ్మ పాత శిష్యురాలు జెస్సీ తప్పులు దిద్దింది. గీత పడినప్పుడల్లా ఎవరో ఒకరు ఇంకెన్ని అని అడిగేవారు. జెస్సీ దిద్దినవి లిదియమ్మ మళ్లీ చదివేది. ఒక్క ఒత్తు పోయినా చింపి తిరిగి రాయించేది. మంచినీళ్లు కూడా ముట్టలేదు. మాటిమాటికీ చేతి గడియారం చూసుకునేది.

అత్తంటే ఇట్లా ఉండాలని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

ఒంటిగంటకు ఇరవై ఎనిమిదో గీత పడింది. మగవాళ్లు లేచి చెప్పులు వేసుకుంటున్నారు. లిదియమ్మ మూడు వందలు చెరిపి ఐదు వందలు వేసింది.

"ఇంకెప్పుడు పోతాం టీచరమ్మా?" అన్నాడు డేవిడ్‌రాజు.

"సీతారామపురం ఉండాది, జలదంకి ఉండాది, చేజర్ల ఉండాది. ఏ ఊరని వదిలేస్తాం? రాయండి."

ప్రేమానందం ఇక ఆగలేకపోయాడు. మీరు రాసుకుంటా ఉండండి, నేను పోతున్నానని కదిలాడు. తల్లి గుమ్మానికి అడ్డం నిలబడి ఒక కాగితం అతని చేతిలో పెట్టింది.

"నువ్వు ఒక్కటి కూడా రాయలా. నీ పెళ్లాం కోసం నువ్వు రాయకపోతే ఎట్లరా?"

ముప్పై మంది చూస్తున్నారు. అతను కూర్చున్నాడు. గుర్తుల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. రాసేదాకా ఆమె పక్కనుంచి కదల్లేదు. ఒకటి అయ్యాక ఇంకొకటి ఇచ్చింది.

మూడున్నరకు యాభయ్యో గీత పడింది. అప్పటికి అందరి వేళ్లూ కొంకర్లు పోయాయి. కట్టలు పంచుకుని మోటారుసైకిళ్లు నాలుగు దిక్కులకూ బయల్దేరాయి. ప్రేమానందం ఆత్మకూరు మీదుగా నెల్లూరు రోడ్డు పట్టాడు.

ఖాళీ గదిలో లిదియమ్మ బెంచీ మీద కూలబడింది. జెస్సీ గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఇంతమంది కష్టం ఊరికే పోదులేమ్మా అంది. లిదియమ్మ ఆ నీళ్లు ఒక్క గుక్కలో తాగేసింది.

నెల్లూరులో మూడు గంటల రైలు కదిలి అప్పటికి అరగంట దాటింది. తెల్లవారకముందే ఊరి బయట మొదటి బస్సు ఆపి, సుకుమారిని ఆ రైలుకు పంపించింది లిదియమ్మే.